పాలడబ్బాలో రాయి

మంటిని పిసికి మనిషిని చేసి, ఆ మంటిపాత్రలో తన వెలుగును నిలిపిన దేవునికి ముందుగా స్తోత్రం. భూమి అడుగున ఏముందో, మనిషి గుండె అడుగున ఏముందో ఒకే చూపుతో చూడగల ఆయన నన్ను ఇన్నేళ్ళు సహించాడు. డెబ్బై దాటనిచ్చాడు. కళ్ళు మసకబారినా చేతుల్లో పని ఉంచాడు. చెప్పవలసింది చెప్పకుండా నేను దాటవేసిన ప్రతి రోజునూ లెక్కపెట్టక, మరో రోజు ఇచ్చాడు. ఆయన కృపకు స్తోత్రం చెల్లించి ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

ఈ ఏడాది డిసెంబరు మొదటి శనివారం మా సంఘానికి కొత్తగా వచ్చిన పాస్టరుగారు నన్ను పిలిచి, సండే స్కూలు పిల్లలకు క్రిస్మస్ దీపాల స్టాండ్లు చేయడం నేర్పమన్నారు. కొన్నవి కాకుండా ఇంట్లో పారేసే వస్తువులతో చేయాలని ఆయన కోరిక. పన్నెండుమంది పిల్లలు వచ్చారు. వాళ్ళలో ఇద్దరు బ్యాటరీతో వెలిగే ప్లాస్టిక్ కొవ్వొత్తులు జేబుల్లో పెట్టుకునే వచ్చారు. గాలికి ఆరవు, మైనం కారదు, మరి ఈ కష్టమంతా ఎందుకని ఒకమ్మాయి అడిగింది. నవ్వి కత్తెర అందుకున్నాను. ఖాళీ డబ్బా అంచును కత్తెరతో సన్నటి చీలికలుగా కోసి, ఒక్కొక్క చీలికను పెన్సిలుకు చుట్టి బయటికి వంచితే పువ్వు రేకుల్లా ఎలా విచ్చుకుంటాయో చూపించాను. వేళ్ళు వాటంతట అవే చేసుకుపోయాయి. అవి మా అమ్మ నేర్పిన వేళ్ళు.

మధ్యలో టీ తాగుతుండగా పాస్టరుగారు ఒక కాగితం తెచ్చారు. సంఘం వార్షికోత్సవానికి పాత సంఘపెద్దలందరి పేర్లూ పట్టీ కడుతున్నారట. "టీచరమ్మా, మీ నాయన పేరు నాలుగేండ్లే ఉండాది. ఆ తర్వాత ఇరవై ఏండ్లకు పైన బతికినాడని అంటా ఉండారే. మధ్యలో సంఘపెద్దగా ఉండేది ఎందుకు మానుకున్నాడు?" అని అడిగారు. నా చేతిలో కత్తెర ఉంది, ఎదురుగా పిల్లలు ఉన్నారు. "ఒళ్ళు బాగలేక మానుకున్నాడయ్యా" అన్నాను. ఆయన సరేనని పక్కన ఏదో రాసుకున్నారు. నేను మళ్ళీ డబ్బా అందుకున్నాను. మా నాయన ఒక్కరోజు కూడా ఒళ్ళు బాగలేదని ఏ పనీ మానుకున్న మనిషి కాదు.

నేను పుట్టి పెరిగింది బంగారు గనుల ఊళ్ళో, ఛాంపియన్ రీఫ్ వైపు గని కంపెనీ ఇచ్చిన లైను ఇళ్ళలో. ఒకే కప్పు కింద వరసగా ఇళ్ళు, నడుమ తడికె గోడలు, పక్కింట్లో తాలింపు పెడితే మా ఇంట్లో తుమ్ములు. బేతమంగళ చెరువు నీళ్ళు కుళాయికి వచ్చే వేళను బట్టి ఆడవాళ్ళ రోజు మొదలయ్యేది, గని సంగు, అంటే సైరను, కూసే వేళను బట్టి మగవాళ్ళ రోజు మొదలయ్యేది. గాలి వీచిన రోజున బంగారం తీసేశాక మిగిలిన పొడి పోసే సైనైడ్ దిబ్బల మీది తెల్లటి దుమ్ము ఆరేసిన బట్టల మీద పడితే అమ్మ వాటిని మళ్ళీ తడిపేది. మా నాయన యేసురత్నం గనిలో దుంగలు నిలబెట్టే మేస్త్రి. పైకప్పు రాయి కూలకుండా లోపల కట్టెలు పేర్చి బిగించడం ఆయన పని. ఇంటికి వస్తే ఆయన వంటి నుంచి తడిసిన నీలగిరి కట్టె వాసన, దాని వెనకాల మెషీను నూనె వాసన వచ్చేవి. ఈ రోజు వరకు ఎక్కడ కొత్తగా కోసిన నీలగిరి దుంగలు చూసినా నాకు ఆకలి గుర్తొస్తుంది. ఆయన వచ్చాకే మాకు సంగటి పెట్టేవారు మరి.

నాయన సంఘంలో పెద్ద. నెలకొక ఆదివారం ప్రభువు బల్ల జరిగే రోజున రొట్టె, ద్రాక్షారసం ఉన్న పళ్ళెం పట్టుకుని వరస వరసకూ నడిచే నలుగురిలో ఆయన ఒకడు. ఆ ముందురోజు సాయంత్రం పెరట్లో పీట వేసుకుని కూర్చుని, నిమ్మచెక్కతో ఇటుకపొడి అద్ది గోళ్ళలో నల్లటి నూనె మరకలు పోయేదాకా తోముకునేవాడు. అరగంట పట్టేది. అమ్మ నీళ్ళు పోస్తూ, పెండ్లికొడుకు కూడా ఇంత రుద్దుకోడని ఎగతాళి చేసేది. ఆయన నవ్వేవాడు కానీ తోమడం ఆపేవాడు కాదు. పరిశుద్ధమైన దాన్ని ముట్టుకునే చేతులు ఎట్లా ఉండాలో నేను గ్రంథంలో చదవకముందే ఆ పెరట్లో చూశాను.

మా కాలంలో క్రిస్మస్ తెల్లవారుజామున జరిగే ఆరాధనకు ప్రతి ఇంటి నుంచీ ఒక దీపం వెళ్ళేది. అప్పటి పాస్టరు అయ్యగారు పెట్టిన నియమం ఒకటే: దీపం నిలిపే పాత్ర కొన్నది కాకూడదు. కొందరు కొబ్బరిచిప్ప తెచ్చేవారు, కొందరు మట్టిముద్దకు సున్నం పూసి తెచ్చేవారు. మా ఇంట్లో మాత్రం పాలడబ్బా. డబ్బా గోడకు మేకుతో చుక్కలు కొట్టి నక్షత్రం చేయాలంటే, ఉత్త డబ్బా అయితే సొట్టపోతుంది. అందుకని అమ్మ దాన్లో తడి ఇసుక గట్టిగా దట్టించి, అప్పుడు మేకు కొట్టించేది. తర్వాత ఇసుక కుమ్మరించి, అడుగున బేతమంగళ నుంచి పెద్దమ్మ బస్సులో తెచ్చే బంకమట్టి మెత్తి, అందులో కొవ్వొత్తి గుచ్చేది. తాతల కాలంలో గనిలోకి దిగేవాళ్ళు టోపీకి బంకమట్టి ముద్ద అంటించి, దానికే కొవ్వొత్తి గుచ్చుకుని దిగేవారని, ఆ మట్టి అన్నం పెట్టిన మట్టి అని చెప్పేది.

ఆ దీపాలకు అందం కన్నా ముందు నిలకడ కావాలి. గని లోతుల్లో ఒత్తిడికి రాయి పేలినప్పుడు పైన నేల అదిరేది. అలమరలో గిన్నెలు దొర్లేవి, గోడగడియారం ఆగేది. నాకు తొమ్మిదేళ్ళప్పుడు సరిగ్గా ఆరాధన మధ్యలో అట్లా అదిరింది. అన్ని దీపాలూ ఊగి నిలబడ్డాయి. నాది ఒక్కటే కిటికీ మీద నుంచి పడి, కింద కూర్చున్న ఒకావిడ పట్టుచీర మీద మైనమంతా ఒలికింది. ఆ ఏడాదంతా ఎగతాళే. మా సంఘంలోనే దేవదానం మామ అని ఉండేవాడు. గని గేటు దగ్గర వచ్చేపోయేవాళ్ళను సోదా చేసే కావలి జమేదారు. నేను ఎదురైతే చాలు, "ఏమ్మా సుగుణా, ఈ యేడన్నా నీ దీపం నిలబడతాదా, లేక పాట పాడతానే మూర్ఛపోతాదా?" అనేవాడు. ఆయన ప్రేమగానే అనేవాడు. నాకు మాత్రం కళ్ళనీళ్ళు వచ్చేవి.

మరుసటి డిసెంబరులో ఒక మధ్యాహ్నం బడి నుంచి వస్తూ, గని రాళ్ళు మోసే ట్రాలీ పట్టాలు దాటుతున్నాను. పట్టా పక్కన పిడికిలి కన్నా చిన్న రాయి ఒకటి పడి ఉంది. నీలం కలిసిన తెలుపు, మధ్యలో నల్లటి చార. చేతిలోకి తీసుకుంటే ఆ పరిమాణానికి మించిన బరువు. ఇది అడుగున పెడితే భూమి తిరగబడినా నా దీపం కదలదు అనుకున్నాను.

మా ఊళ్ళో రాయి అంటే ఉత్త రాయి కాదని, దాన్లో బంగారం ఉండవచ్చని నాకు తెలియదా? తెలుసు. గని నుంచి బయటికి వచ్చే మగవాళ్ళు బట్టలు విప్పి సోదా ఇచ్చి రావాలి. అన్నం క్యారియరు తెరిచి చూపాలి. నాయన బూట్లలో దూరిన ఇసుకను కూడా గేటు దగ్గరే దులిపి వచ్చేవాడు. మా లైనులోనే ఒకాయన పొయ్యి కింద రాయి దొరికిందని తెలిసిన వారానికి ఆ ఇంటికి తాళం పడింది. ఆ పిల్లలు ఏ ఊరు పోయారో ఎవరికీ తెలియదు. పట్టాల దగ్గర రాయి ముట్టుకోవద్దని అమ్మ మాకు అన్నంతో పాటు కలిపి పెట్టింది. అన్నీ తెలిసే తీసుకున్నాను. దేవుని దీపానికే కదా, దేవుడు ఏమనుకుంటాడు అని నాకు నేను చెప్పుకున్నాను. ఇన్నేళ్ళలో ఎన్నో ప్రసంగాలు విన్నాను. పాపం మనతో మాట్లాడేటప్పుడు ఎంత భక్తిగా మాట్లాడుతుందో నాకు ఆ రోజే తెలిసింది.

రాయిని డబ్బా అడుగున పెట్టి, పైన బంకమట్టి మెత్తి, ఎవరికీ చెప్పలేదు. ఈసారి బాగా బిగించినావే అని అమ్మ మెచ్చుకుంది. శుక్రవారం మా వీధివాళ్ళు చేసిన దీపాలన్నీ మా సంఘం గుడిలోని చెక్కపెట్టెలోకి చేరాయి, పెట్టెకు తాళం పడింది. ఆ ఆదివారం సండే స్కూల్లో పాఠం, యెరికో గోడలు కూలినప్పుడు ముట్టకూడని బంగారాన్ని తీసి తన గుడారంలో నేల కింద దాచిన మనిషి గురించి. ఆ ఒక్కడి తప్పుకు అతనితో పాటు కొడుకులూ, కూతుళ్ళూ, పశువులూ రాళ్ళ కింద పోయారని అయ్యగారు చెప్పారు. నేను దాచితే నాయన పోతాడు, అమ్మ పోతుంది. ఆ వారమంతా నేను అన్నం సరిగా తినలేదు. పెట్టె తాళంచెవి అయ్యగారి దగ్గర ఉంది. అడగాలంటే ఎందుకో చెప్పాలి.

పండుగకు ముందురోజు మధ్యాహ్నం గుడి అలంకరించాము. ఆడవాళ్ళు రంగుకాగితాలతో గొలుసులు అంటిస్తున్నారు, నాయన నిచ్చెన మీద నిలబడి నక్షత్రం కడుతున్నాడు, నేను కింద నుంచి దారం అందిస్తున్నాను. దేవదానం మామ పెట్టె తెరిచి దీపాలను కిటికీల మీద ఒక్కొక్కటే పెడుతూ వస్తున్నాడు. నా డబ్బా ఎత్తి ఆగాడు. దాన్ని ఎడమచేతిలోకి మార్చుకుని, కుడిచేత్తో అంతే ఉన్న ఇంకో డబ్బా ఎత్తాడు. ముప్ఫై ఏళ్ళు గేటు దగ్గర అన్నం క్యారియర్లు ఎత్తి చూసిన చెయ్యి అది. మూత తీయకుండానే లోపల ఏముందో చెప్పగలడని పేరు. బొటనవేలి గోరుతో మట్టి గీకాడు. తర్వాత డబ్బా తిప్పి అడుగు చూశాడు. మా గిన్నెలన్నిటి మీదా చెక్కించినట్టే అమ్మ దాని అడుగున కూడా మేకుతో నాయన పేరు గీసింది.

"అన్నా, ఒకసారి ఇట్ల రా" అని మెల్లగా పిలిచాడు.

నాయన నిచ్చెన దిగి వెళ్ళాడు. రాయిని చూశాడు. తర్వాత తల తిప్పి నన్ను చూశాడు. దారపు ఉండ పట్టుకుని నేను గోడకు అతుక్కుపోయి ఉన్నాను. ఆ చూపు ఎంతసేపు నిలిచిందో చెప్పలేను. రెప్పపాటే అయి ఉంటుంది. ఆ తర్వాత ఆయన నా వైపు చూడలేదు.

"నా పేరుండాది గదప్పా. నా ఇంటిదే" అన్నాడు.

"నువ్వు తెచ్చినావా?"

"నా ఇంట్లోనించి వచ్చిందంటే నేను తెచ్చినట్టే."

దేవదానం మామ ఆ రాయిని కంపెనీకి చూపిస్తే నాయన ఉద్యోగం పోతుంది, ఇల్లు పోతుంది, జైలు కూడా తప్పదు. చూపకపోతే, చూసీ దాచాడని తెలిసిన రోజున ఆయన ఉద్యోగమే పోతుంది. చివరికి ఆయన అన్న మాటలు నాకు ఇప్పటికీ అక్షరం అక్షరం గుర్తున్నాయి. "చూడలేదని కంపెనీకి చెప్తాను, అన్నా. చూడలేదని దేవునికి చెప్పలేను. సంఘానికి తెలియాల."

"చెప్పు" అన్నాడు నాయన.

ఇద్దరూ కలిసే బయటికి నడిచారు. రాయిని తీసుకెళ్ళి కదులుతున్న ట్రాలీలోకి వేసి వచ్చారని తర్వాత తెలిసింది. ఆ సాయంత్రమే పెద్దలు కూడుకున్నారు. నాయన తన తరఫున ఒక్క మాట చెప్పలేదట. నా ఇంటిదే అన్న మాటకు మించి ఎన్నిసార్లు అడిగినా నోరు తెరవలేదట. పిల్ల తెచ్చిందని చెబితే సరిపోయేది కదా అని మీకు అనిపించవచ్చు. ఆ మాట గుడి గోడలు దాటితే నన్ను కావలి ఆఫీసుకు పిలిచి అడిగేవారు, రాళ్ళ దొంగతనం పుస్తకంలో పదేళ్ళ ఆడపిల్ల పేరు ఎక్కేది. ఆ రోజుల్లో ఆ పుస్తకంలోకి ఎక్కిన పేరు దిగేది కాదు. నాయన ఆలోచించింది ఇదేనని నా ఊహ. ఆయన ఎన్నడూ చెప్పలేదు. తెల్లవారి క్రిస్మస్ ఆరాధనలో అయ్యగారు పేరుపెట్టి, యేసురత్నం ఇకమీద సంఘపెద్ద కాడని, కారణం అడగవద్దని ప్రకటించారు. నాయన చివరి బల్ల మీద కూర్చుని విన్నాడు. కారణం అడగవద్దంటే జనం ఊరుకుంటారా? ఎవరికి తోచింది వాళ్ళు అల్లుకున్నారు.

అమ్మ ఇంటికి వచ్చాక, బూట్లలో ఇసుక తేని మనిషి రాయి ఎట్లా తెచ్చాడని ఒకే ఒకసారి అడిగింది. ఊరుకోమన్నాడు. ఆమె ఊరుకుంది కానీ ఆ తర్వాత ఆ గుడిలో ఎప్పుడూ పాటకు గొంతు కలపలేదు. నేను చెప్పాలనుకున్నాను. రేపు చెబుదాం అనుకున్నాను. ఇల్లు నిలిచింది, సంగటి దొరుకుతోంది, ఎవరి మీదా రాళ్ళు పడలేదు. నెల గడిచేసరికి భయం తగ్గింది. భయం తగ్గాక నోరు మూసుకోవడం సులువైంది.

ఒక్క సంగతి మాత్రం మారలేదు. ప్రభువు బల్ల ఉన్న ఆదివారానికి ముందు సాయంత్రం నాయన అట్లాగే పెరట్లో పీట వేసుకుని, నిమ్మచెక్క, ఇటుకపొడి పెట్టుకుని అరగంట గోళ్ళు తోముకునేవాడు. పట్టుకోవడానికి పళ్ళెం లేదు. మరొకరి చేతిలోని పళ్ళెం నుంచి తన ముక్క తాను తీసుకోవడానికి ఆ చేతులు. నీళ్ళు పోస్తూ అమ్మ ఎగతాళి చేయడం మానేసింది. ఏడాది తిరిగి మళ్ళీ డిసెంబరు వచ్చినప్పుడు నేను పాలడబ్బా పట్టుకుని కూర్చుంటే ఆయన వచ్చి పక్కన కూర్చున్నాడు. మేకు నిలువుగా పట్టుకోవడం చూపించాడు. అడుగున మట్టి మెత్తేటప్పుడు నా చెయ్యి ఆగింది. "రాయి వద్దమ్మా. మట్టి చాలు" అన్నాడు. అంత మాత్రమే. బతికినన్నాళ్ళూ దాని గురించి మా ఇద్దరి మధ్య నడిచిన మాటలు ఆ మూడు నాలుగే.

నాయన పోయిన రోజున దేవదానం మామ కర్ర పట్టుకుని వచ్చాడు. అప్పటికి ఆయన చూపు దాదాపు పోయింది. తడుముకుని నాయన చేతులు పట్టుకుని, నాతో అన్నాడు: "ఆ రాయి మీ నాయన తేలేదమ్మా. నాకు ఆ పొద్దే తెలుసు. ఎవురు తెచ్చినారో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. అది నా తప్పు." అప్పుడు నాకు ముప్ఫై దాటాయి, బళ్ళో పిల్లలకు నిజం చెప్పాలని పాఠాలు చెబుతున్నాను. నేను తెచ్చానని ఒక్క మాట అంటే ఆ ముసలాయన గుండె బరువు దిగేది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను. అందరూ తండ్రి కోసమే అనుకున్నారు. ఆ మాట వినకుండానే కొన్నాళ్ళకు మామ కూడా పోయాడు.

ఇప్పుడు గని మూతపడి చాలా ఏళ్ళయింది. గేటు దగ్గర సోదా లేదు, సంగు కూయదు, నేల అదరదు. తెల్లవారకముందే జనం రైలెక్కి బెంగళూరులో పనులకు పోయి పొద్దుగూకాక వస్తారు. ఆ పట్టాలు ఉన్నచోట పిల్లలు రాళ్ళు ఏరి గోళీల్లా ఆడుకుంటే అడిగేవాడు లేడు. ఒకప్పుడు ఒక సంసారాన్ని ఊరు దాటించగల రాయి ఇప్పుడు చెప్పుల కింద దొర్లుతోంది. మా చిన్నతనంలో మమ్మల్ని కాపలా కాసేవాళ్ళు ఎక్కువ, కాపాడేవాళ్ళు కూడా ఎక్కువ. ఇప్పుడు రెండూ తగ్గాయి. ఈ పిల్లలు మాకన్నా చెడ్డవాళ్ళు కారు. మాకన్నా ధైర్యంగా ప్రశ్నలు అడుగుతున్నారు. ఈ కష్టమంతా ఎందుకని ఆ అమ్మాయి అడిగినట్టు నేను ఆ వయసులో అమ్మను ఒక్క ప్రశ్న అడగగలిగి ఉంటే, ఒక్క తప్పు చెప్పగలిగి ఉంటే ఎంత బాగుండేది.

అబద్ధం చెప్పి వచ్చిన మర్నాడు పాస్టరుగారి ఇంటికి వెళ్ళాను. ఆయన భార్య తెచ్చిన కాఫీ చల్లారిపోయేదాకా చెప్పాను. ఆయన కళ్ళు తుడుచుకుని, ఇంక సంఘం ముందు చెప్పనవసరం లేదన్నారు. సంఘం పుస్తకంలో తానే సరిదిద్ది రాస్తారట, పట్టీలో నాయన పేరు చివరిదాకా వేస్తారట. "మీకు ఈ వయసులో ఎందుకమ్మా, అదీ పండగ పూట" అన్నారు.

"ఆయన్ని తీసేసింది పండగ పూటే అయ్యా. అందురి ముందే" అన్నాను.

ఆయన ఒప్పుకున్నారు. క్రిస్మస్ తెల్లవారుజామున దీపాలు వెలిగించాక, ప్రసంగానికి ముందు నాకు ఐదు నిమిషాలు ఇస్తారు. నాయనను తీసేసిన రోజు ఆ ప్రకటన విన్నవాళ్ళలో ఇంకా బతికి ఉన్నది నలుగురైదుగురు. మిగిలినవాళ్ళకు మా నాయన ఎవరో కూడా తెలియదు. తెలియకపోయినా వాళ్ళే ఇప్పుడు సంఘం. ఆయన పేరు ఎక్కడ పడిందో అక్కడే లేవాలి. పది ఏళ్ళ పిల్ల చేసినదాని కన్నా ముప్ఫైలో, యాభైలో, డెబ్బైలో చేసినది పెద్దదని కూడా చెప్పాలి.

ఇది చదువుతున్న మీరు మీ ఇంట్లో ఎక్కడ కూర్చుని ఉన్నారో అక్కడే ఒక్క నిమిషం నాతో కలిసి తల వంచండి. నా గొంతు వణకకూడదని అడగవద్దు, వణకనివ్వండి. మధ్యలో ఆగకూడదని మాత్రం అడగండి. ప్రభువా, మా ఇళ్ళల్లో ఎవరి తప్పును ఎవరు నోరెత్తక మోస్తున్నారో నీకు తెలుసు. మోసేవాళ్ళను ఆదరించు. మోయించినవాళ్ళకు, మోసేవాళ్ళు బతికి ఉండగానే చెప్పే ధైర్యం ఇవ్వు. నాకు ఆ వేళ దాటిపోయింది. అయినా నీ దగ్గర మా నాయన బతికే ఉన్నాడని నమ్మి, ఆయన వినేలా చెప్పనివ్వు. ఆమేన్.